గులాబీ వెళ్ళింది, ఆఫీసు కదల్లేదు

(బెంగళూరు మారతహళ్ళిలో ఒక అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్‌లో ఆదివారం సాయంత్రం మాట్లాడింది, రికార్డింగ్ విని టైప్ చేశాం)

అందరికీ నమస్కారం. వెనకాల వినపడుతోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి, మైకులో గాలి కొడుతోంది. సరే.

ముందే చెప్పేస్తున్నా, నేను ప్రొఫెసర్ని కాదు, టౌన్ ప్లానర్ని అసలే కాదు. ఇరవై ఏళ్ళ పైనుంచి ఈ ఊళ్ళో ఎయిర్ కార్గో పని చేస్తున్నా, అంటే మీరు పైన సీట్లో కూర్చుని శాండ్‌విచ్ తింటుంటే మీ కాళ్ళ కింద డబ్బాల్లో ఏం పోతుందో అది నా పని. మాది హిందూపురం. సెక్రటరీ ఫోన్ చేసి "అన్నా, ఎయిర్‌పోర్ట్ వస్తే ఊరు ఎట్లా పెరుగుతుంది, కంపెనీలు ఎక్కడ పెట్టుకుంటాయి, కాసేపు మాట్లాడు" అన్నాడు. ఆయన మనసులో ఉన్న అసలు ప్రశ్న నాకు తెలుసు, తమిళనాడు హోసూరు దగ్గర సైటు కొనాలా వద్దా అని. (నవ్వులు) దానికి చివర్లో వస్తా, లేకపోతే ఇప్పుడే లేచి పోతారు సగం మంది.

మనం కూర్చున్న చోటు నుంచే మొదలుపెడదాం. హెచ్ఏఎల్, అంటే హిందుస్థాన్ ఏరోనాటిక్స్, దాని గోడ ఇక్కడికి ఎంత దూరం? ట్రాఫిక్ లేకపోతే ఆటోలో పది నిమిషాలు, ట్రాఫిక్ లేని రోజు నేనైతే చూడలేదు. 1940లో వ్యాపారవేత్త వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానంతో కలిసి ఇక్కడ విమానాల ఫ్యాక్టరీ పెట్టాడు, అప్పటికి ఇదంతా ఊరి బయట, చెరువులు రాగి చేలు. గమనించండి, ఆ రన్‌వే ప్రయాణికుల కోసం వేసింది కాదు, తయారైన విమానాన్ని ఎగరేసి చూడటానికి వేసింది, ప్రయాణికులు తర్వాత వచ్చి చేరారు. దాని చుట్టూ విమానపుర అని ఒక పేటే వెలిసింది. తర్వాత విమానాల మీద పరిశోధన చేసే ఎన్ఏఎల్ వచ్చింది, ఇస్రో శాటిలైట్ సెంటర్ వచ్చింది, వాళ్ళ క్వార్టర్సు, వాళ్ళ పిల్లల స్కూళ్ళు, హోటళ్ళు, ఇందిరానగర్‌లో రిటైరైన ఆఫీసర్ల ఇళ్ళు. ఎయిర్‌పోర్ట్ ఊరిని పెంచుతుంది అనేదానికి మంచి ఉదాహరణ కావాలంటే ఇప్పటి ఎయిర్‌పోర్ట్ ఉన్న దేవనహళ్ళి దాకా పోనక్కర్లేదు, ఇదే. ఇప్పుడు దాన్ని ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్ అంటాం, ఎయిర్‌పోర్ట్ పోయి ఇన్నేళ్ళయినా పేరు పోలేదు.

తొంభైల చివర్లో సింగపూర్ వాళ్ళతో కలిసి వైట్‌ఫీల్డ్‌లో ఐటీపీఎల్ అని ఐటీ పార్కు కట్టారు. అప్పట్లో ఫారిన్ క్లయింట్ హెచ్ఏఎల్‌లో దిగితే నేరుగా మీటింగ్ రూముకే తీసుకెళ్ళేవాళ్ళు, మధ్యలో ఎక్కడా ఊరు చూపించే పని లేదు, చూపించకపోవడమే మంచిది కూడా. దొమ్మలూరు దగ్గర గోల్ఫ్ లింక్స్, తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక్కొక్క పార్కు. స్థలం ఉంది, ఆ రోజుల్లో ధర తక్కువ, పక్కనే ఎయిర్‌పోర్ట్. ఎయిర్‌పోర్ట్ ఒక్కటే కారణమని నేను అనను, కానీ లెక్కలో అది కచ్చితంగా ఉంది.

ఇక 2008 మే 24. హైదరాబాద్‌లో బేగంపేట మూసి శంషాబాద్ తెరిచిన రెండు నెలలకి ఇక్కడ హెచ్ఏఎల్‌లో ప్యాసింజర్ విమానాలు ఆపేసి దేవనహళ్ళి తెరిచారు. మూయొద్దని గొడవ కోర్టుదాకా వెళ్ళింది, మీలో పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి నేను డ్యూటీలో ఉన్నా. హెచ్ఏఎల్ కార్గో షెడ్డులో మిగిలిన డబ్బాలు, ఫైళ్ళు, ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక వెంకటేశ్వరస్వామి పటం, అన్నీ ఒక టెంపోలో వేసుకుని మేమూ బయల్దేరాం. హెబ్బాళ దాటాక రోడ్డు చీకటి, దారిలో మా ఓనరు ఒకటే మాట, "అయిపోయింది, ఇంక వైట్‌ఫీల్డ్ పని అయిపోయింది, కంపెనీలన్నీ ఏడాదిలో ఇటు వచ్చేస్తాయి, నువ్వు కూడా మారతహళ్ళి ఇల్లు ఖాళీ చేసి యలహంకకి రా" అని. నేను వెళ్ళలేదు, సోమరితనం. ఆ సోమరితనమే నాకు బాగా కలిసొచ్చింది.

ఎందుకంటే ఏం జరిగింది? ఎయిర్‌పోర్ట్ నలభై కిలోమీటర్లు అవతలికి పోయాక సిల్క్ బోర్డు నుంచి కేఆర్ పురం దాకా ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసులు తగ్గాయా? ఇంకా చిక్కబడ్డాయి. హెబ్బాళ వైపు మాన్యతా టెక్ పార్కు పెరిగింది, కాదనను, కానీ దేవనహళ్ళి గేటు ముందు ఇంకో వైట్‌ఫీల్డ్ రాలేదు.

దీనికి లెక్క చాలా చిన్నది. ఇక్కడ ఐటీ వాళ్ళు ఎంతమంది ఉన్నారు, చెయ్యెత్తండి. చాలామందే. పోయిన ఏడాది ఎన్నిసార్లు విమానం ఎక్కారు? మూడు? నాలుగు? అందులో రెండు సంక్రాంతికీ పెళ్ళికీ. ఆఫీసుకి ఎన్నిసార్లు వెళ్ళారు? వర్క్ ఫ్రమ్ హోమ్ తీసేసినా నూటయాభై. మరి కంపెనీవాడు ఆఫీసు ఎక్కడ పెడతాడు, నువ్వు నాలుగుసార్లు పోయే చోటు దగ్గరా, నువ్వు నూటయాభైసార్లు బయల్దేరే ఇంటి దగ్గరా? సీఈఓ నెలకి పదిసార్లు ఎగురుతాడు, నిజమే, కానీ ఆయన ఒక్కడు, ఆయనకి కారుంది డ్రైవరున్నాడు, పొద్దున నాలుగింటికి లేపినా లేస్తాడు. మీ పిల్లల స్కూలు ఇక్కడుంది, మీ ఆవిడ ఆఫీసు బెళ్ళందూరులో ఉంది, మీరు కదలరు, మీరు కదలకపోతే కంపెనీ కదలదు. మనుషుల బుర్రతో నడిచే వ్యాపారం మనుషుల ఇళ్ళ చుట్టూనే తిరుగుతుంది, ఎయిర్‌పోర్ట్ చుట్టూ కాదు. నా ఇరవై ఏళ్ళ అనుభవంలో నాకు అర్థమైంది ఇదే, మిగతా అంతా దీనికి తోకలే.

హైదరాబాద్ చూడండి, అక్కడా అంతే, కాకపోతే వాళ్ళు ఇంకో తెలివైన పని చేశారు. ఎయిర్‌పోర్ట్ దక్షిణాన శంషాబాద్‌లో, దాదాపు 5,500 ఎకరాల్లో. ఐటీ పడమర గచ్చిబౌలిలో. ఆఫీసులు శంషాబాద్‌కి పోలేదు, అక్కడే ఉండిపోయాయి, కానీ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది కాబట్టి గచ్చిబౌలి నుంచి సిగ్నల్ లేకుండా పోతారు. మెహదీపట్నం నుంచి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 2009లో వేశారు. మనకి హెబ్బాళ నుంచి ఎలివేటెడ్ రోడ్డు పూర్తయ్యేసరికి 2014 వచ్చింది, ఆ ఆరేళ్ళు ఎయిర్‌పోర్ట్‌కి పోవడమంటే ఊరికి పోయినట్టే. ఇప్పటికీ ఎలక్ట్రానిక్స్ సిటీలో ఉన్నవాడు హైదరాబాద్ ఫ్లైట్‌కి ఎంతసేపు ముందు బయల్దేరతాడో అడగండి. గాల్లో గంట, రోడ్డు మీద రెండున్నర గంటలు.

సరే, ఆఫీసు వెళ్ళలేదు, మరి ఏం వెళ్ళింది? నా పని ఇక్కడే.

గులాబీ వెళ్ళింది. హోసూరు చుట్టూ పాలీహౌసుల్లో గులాబీలు పండిస్తారు మీకు తెలుసు, ఫిబ్రవరి 14కి ముందు మా షెడ్డు చూడాలి మీరు, జనవరి ఆఖరు నుంచి పది పన్నెండు రోజులు మాకు తిరునాళ్ళే. పొద్దున కోస్తారు, కాడ పొడుగుని బట్టి వేరు చేస్తారు, మొగ్గ ఇంకా విచ్చుకోకుండా ఉండాలి, అట్టపెట్టెల్లో పెట్టి చల్లగదిలో ఉంచి రాత్రి రీఫర్ బండి ఎక్కిస్తారు. రీఫర్ అంటే ఏసీ లారీ అనుకోండి. ప్రతి విమానానికీ కార్గోకి కట్ ఆఫ్ అని ఉంటుంది, ఆ టైములోపల డబ్బా షెడ్డులోకి చేరాలి, తూకం, స్కానింగ్, కస్టమ్స్, పూలైతే పురుగు లేదని ప్లాంట్ క్వారంటైన్ వాళ్ళ సర్టిఫికెట్. కట్ ఆఫ్ దాటి ఐదు నిమిషాలకి వచ్చినా ఆ రాత్రికి లేదు, రేపటికి. రేపటికి మొగ్గ విచ్చుకుంటుంది, అవతల కొనేవాడు రేటు సగానికి కొడతాడు.

ఒకసారి ఫిబ్రవరి 8న మా బండి సిల్క్ బోర్డు దగ్గర ఇరుక్కుపోయింది, ఏదో కంటైనర్ బోల్తాపడింది. డ్రైవరు మాలూరు కుర్రోడు, పది నిమిషాలకోసారి ఫోన్, "సార్ ఇన్నూ అల్లే ఇదీని" అంటాడు, ఇంకా అక్కడే ఉన్నా అని. నేను షెడ్డు గుమ్మం దగ్గర నిలబడి గడియారం చూడటం తప్ప ఏం చెయ్యగలను. నలభై పెట్టెలు పోయాయి ఆ రాత్రి. అప్పటినుంచి మా బండ్లు ఊళ్ళోకే రావు, మాలూరు, హోస్కోటె మీదుగా తిరిగి పోతాయి. ఇప్పుడు హోస్కోటె నుంచి దేవనహళ్ళికి శాటిలైట్ రింగ్ రోడ్డు ముక్క తెరిచారు కాబట్టి ఇంకా నయం. కిలోమీటర్లు ఎక్కువే, టైము మాత్రం నమ్మొచ్చు. మాకు దూరం కాదండి కావలసింది, చెప్పిన టైముకి చేరతామన్న నమ్మకం.

పువ్వు తర్వాత ఫోను. ఫాక్స్‌కాన్ దేవనహళ్ళి దగ్గర 300 ఎకరాలు తీసుకుని ఫ్యాక్టరీ పెట్టింది కదా, అది అక్కడే ఎందుకు? ఫోను బరువు రెండు వందల గ్రాముల చిల్లర, ధర అరవై డెబ్భై వేలు, మోడల్ రిలీజైన నెలలో అమ్మితేనే ధర. అట్లాంటి సరుకు ఓడలో నెల రోజులు పడుకోదు. సిమెంటు బస్తా విమానం ఎక్కదు, ఫోను ఓడ ఎక్కడానికి ఇష్టపడదు, ఏ వస్తువుకి కిలో మీద విలువ ఎక్కువో, ఏది ఆగితే పాడవుతుందో, ఆ ఫ్యాక్టరీకి ఎయిర్‌పోర్ట్ కావాలి. చైనాలో జెంగ్‌జౌ అంతే, అక్కడ ఫాక్స్‌కాన్ ప్లాంటు ఎయిర్‌పోర్ట్ పక్కనే. అమెరికాలో మెంఫిస్ ఊరు ఫెడెక్స్ రాత్రి విమానాల మీద బతుకుతుంది. ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్ ఎయిర్‌పోర్ట్ దగ్గర ఆల్స్‌మీర్‌లో ప్రపంచంలో పెద్ద పూల వేలం నడుస్తుంది. అమెరికా ప్రొఫెసర్ జాన్ కసార్డా దీనికి ఏరోట్రోపొలిస్ అని పేరు కూడా ప్రచారం చేశాడు, ఎయిర్‌పోర్ట్ మధ్యలో, ఊరు చుట్టూ అని. పేరు బావుంది. మెంఫిస్‌కి సరిపోయింది, బెంగళూరుకి సగమే సరిపోయింది అని నా అభిప్రాయం.

బోయింగ్ కూడా దేవనహళ్ళి ఏరోస్పేస్ పార్కులో 43 ఎకరాల క్యాంపస్ పెట్టింది, 2024 జనవరిలో మోదీ వచ్చి తెరిచారు. కానీ అది ఇంజనీరింగ్, డిజైన్ పని, రన్‌వేతో రోజూ పనిలేదు. బెంగళూరులో విమానం గురించి తెలిసిన ఇంజనీర్లు దొరుకుతారు కాబట్టి వచ్చింది, వాళ్ళు ఎందుకు దొరుకుతారు? 1940లో ఈ పక్కన పెట్టిన ఫ్యాక్టరీ వల్ల. పాత ఎయిర్‌పోర్ట్ పెట్టిన చెట్టుకి కొత్త ఎయిర్‌పోర్ట్ దగ్గర కాయ కాసింది.

ఇంకో సంగతి, చాలామందికి తెలియదు ఇది. పువ్వులు ఎక్కువగా పోయేది కార్గో విమానంలో అనుకుంటారు, చాలావరకు మామూలు ప్యాసింజర్ విమానం పొట్టలో పోతాయి, మేము బెల్లీ అంటాం. రాత్రి యూరప్ ఫ్లైటుకి వైట్‌ఫీల్డ్ మేనేజర్లు నిండితేనే ఆ విమానం రోజూ వస్తుంది, అది రోజూ వస్తేనే కింద హోసూరు గులాబీకి చోటు. పైన మీరు, కింద పువ్వు, ఒకరి టికెట్ ఇంకొకరికి ఆసరా. ఊరికే చిన్న ఊళ్ళో రన్‌వే వేసి కార్గో హబ్ అని బోర్డు పెడితే రాదు, పైన కూర్చునేవాళ్ళు కావాలి. మనకి 2024-25లో ప్రయాణికులు 4 కోట్లు దాటారు, సరుకు 5 లక్షల టన్నులు దాటింది, రెండూ కలిసే పెరిగాయి.

మరి రోజూ ఎయిర్‌పోర్ట్‌కి పోయేది ఎవరు అని అడిగితే, సీఈఓ కాదు, మీరూ కాదు. సామాను ఎత్తేవాళ్ళు, బాత్రూము కడిగేవాళ్ళు, సెక్యూరిటీ, ట్యాక్సీవాళ్ళు, వంటవాళ్ళు, నాలాంటివాళ్ళు. మూడు షిఫ్టులు. దేవనహళ్ళిలో, విజయపురలో, చిక్కజాలలో ఒక్కో రూములో నలుగురు ఐదుగురు, ఒకడు డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇంకొకడు మంచం ఖాళీ చేస్తాడు. రాత్రి రెండింటికి చిత్రాన్నం అమ్మే బండ్లు ఉంటాయి ఆ రోడ్డు మీద. ఎయిర్‌పోర్ట్ వల్ల పెరిగిన ఊరంటే నాకు కనపడేది అది, టెర్మినల్ 2లో వెదురు అందంగా ఉంటుంది, నేనూ ఫోటో దిగాను, కానీ ఊరు అక్కడ లేదు. మెట్రో బ్లూ లైను సిల్క్ బోర్డు నుంచి కేఆర్ పురం, హెబ్బాళ మీదుగా ఎయిర్‌పోర్ట్ దాకా కడుతున్నారు, అది వస్తే ఎక్కువ వాడేది ఈ షిఫ్టుల వాళ్ళే, టికెట్ వాళ్ళకి అందేలా పెడితే. 2021లో ఎయిర్‌పోర్ట్ పక్కన రైల్వే హాల్ట్ ఒకటి తెరిచారు, ఎంతమంది ఎక్కారు ఇక్కడ? ఒక్క చెయ్యి. అదీ సంగతి.

ఇక భూమి. ఎయిర్‌పోర్ట్ కన్నా ముందు ఎగిరేది సైటు రేటు. నేనూ కొన్నా, దాచడం ఎందుకు. 2006లో ఒక బ్రోకరు, పేరొద్దు, మనవాడే, రంగుల బ్రోషరు తెచ్చాడు, "ఎయిర్‌పోర్ట్‌కి 15 నిమిషాలు". పైన విమానం బొమ్మ, కింద ఫౌంటెన్ బొమ్మ. కార్గోవాణ్ణి, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది అని కొనేశా. తర్వాత తెలిసింది అది రెవెన్యూ సైటు, అంటే కాగితాల మీద ఇంకా సాగుభూమే, ఇళ్ళకి మార్చే డీసీ కన్వర్షన్ లేదు, ఖాతా రాదు, లోను రాదు. పైగా పదిహేను నిమిషాలు ఎట్లా కొలిచాడో, కాకి ఎగిరితే సరిపోతుందేమో. ఇప్పటికీ ఉంది, లాంటానా పొదలు పెరిగాయి, ఏటా ఒకసారి పోయి రాళ్ళు ఉన్నాయా లేవా చూసుకుని వస్తా. రేటు పెరిగింది అంటారు అందరూ, కొనేవాణ్ణి తీసుకురండి అంటే ఎవరూ రారు.

నేను కొన్నది నా సరదా. అమ్మినవాడి సంగతి వేరే. దేవనహళ్ళి చకోతరకి, అంటే పంపరపనసకి, ఈ చుట్టుపక్కల బెంగళూరు బ్లూ ద్రాక్షకి జీఐ ట్యాగ్, అంటే ఈ ప్రాంతానిదే అన్న గుర్తింపు ఉంది, అంత మంచి నేల అది, టిప్పు సుల్తాన్ పుట్టిన ఊరు. అక్కడ చన్నరాయపట్న హోబళిలో 13 ఊళ్ళలో 1,777 ఎకరాలు ఏరోస్పేస్ పార్కుకి తీసుకుంటామంటే రైతులు మూడేళ్ళకి పైగా ధర్నాకి కూర్చున్నారు. 2025 జులై 15న సిద్ధరామయ్య ఆ భూములు తీసుకోవడం మానేస్తున్నామని ప్రకటించారు. నేను ఆ దారిలో రోజూ పోతాను కదా, ఎండలో ఆ టెంటు చూసేవాణ్ణి. ఎయిర్‌పోర్ట్ కోసం మొదట్లోనే దాదాపు 4,000 ఎకరాలు తీసుకున్నారు, రన్‌వేలకి అంత కావాలి, సరే. దాని లోపలే ఎయిర్‌పోర్ట్ సిటీ అని 460 ఎకరాలు పక్కన పెట్టారు. ముందు అది నింపి తర్వాత ద్రాక్షతోట అడిగితే బావుండేది అని నాకనిపిస్తుంది, కోపం తెచ్చుకునేవాళ్ళు తెచ్చుకోండి.

అదే రోజు మన లోకేష్ ట్వీట్ చేశాడు గుర్తుందా, కంపెనీలకి, ఆంధ్రకి రండి, బెంగళూరు పక్కనే 8 వేల ఎకరాలకి పైగా రెడీగా ఉంది అని. అందరూ షేర్ చేశారు. మా హిందూపురం వాళ్ళకి ఆ అంకె వినగానే నవ్వొచ్చింది. చిలమత్తూరు, గోరంట్ల వైపు లేపాక్షి నాలెడ్జ్ హబ్ అని 8 వేల పైచిలుకు ఎకరాలు ఇచ్చారు ఒకప్పుడు, హబ్ రాలేదు, కేసులు వచ్చాయి. మా మేనమామ వాళ్ళ చేను పక్కదాకా వచ్చింది ఆ సర్వే. బెంగళూరు ఎయిర్‌పోర్ట్ దగ్గర అన్న ఒక్క మాట పట్టుకుంటే పని జరగదని మాకు అప్పుడే తెలిసింది.

కానీ బెంగళూరు–హైదరాబాద్ జాతీయ రహదారి మీద పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ వచ్చింది, 2019 నుంచి కార్లు తీస్తోంది. మా బాధ వినండి, ఎయిర్‌పోర్ట్ పేరు కెంపేగౌడ ఇంటర్నేషనల్ ఎయిర్‌పోర్ట్, పొట్టిగా అదీ కియానే, కొత్త డ్రైవరుకి "కియాకి పో" అంటే ఒకసారి ఆ కార్ల ఫ్యాక్టరీ ఉన్న ఎర్రమంచి దాకా పోయాడు. (నవ్వులు) కారు విమానంలో పోదు, మరి ఎందుకొచ్చింది? భూమి ఒకేచోట దొరికింది, రాయితీలు ఇచ్చారు, గొల్లపల్లి రిజర్వాయరు నుంచి నీళ్ళు ఇచ్చారు. ఎయిర్‌పోర్ట్ కొరియా మేనేజర్లకి, అర్జెంటు పార్టులకి. ఉంటే మంచిదే, కానీ నీళ్ళు లేకుండా ఎయిర్‌పోర్ట్ ఒక్కటే ఉంటే అనంతపురం జిల్లాకి కియా వచ్చేదా?

ఆ, ఇప్పుడు హోసూరు. సెక్రటరీ నిద్ర లేచాడు చూడండి. 2024 జూన్‌లో తమిళనాడు ముఖ్యమంత్రిగా స్టాలిన్ ప్రకటించారు, హోసూరులో ఎయిర్‌పోర్ట్, 2,000 ఎకరాలు, ఏడాదికి 3 కోట్ల ప్రయాణికులు అని. ఎలక్ట్రానిక్స్ సిటీ వాడికి ప్రాణం లేచొస్తుంది, మా గులాబీకి కూడా. కానీ బెంగళూరు ఎయిర్‌పోర్ట్ ఒప్పందంలో ఒక షరతు ఉంది, తెరిచిన నాటి నుంచి 25 ఏళ్ళు, అంటే 2033 దాకా, 150 కిలోమీటర్ల లోపల ఇంకో ఇంటర్నేషనల్ ఎయిర్‌పోర్ట్ రాకూడదు, మైసూరు, హాసన్‌కి మాత్రం మినహాయింపు. హెచ్ఏఎల్ మళ్ళీ తెరవమని ఎవరు అడిగినా అడ్డం వచ్చేది ఆ ఒప్పందమే. కర్ణాటక కూడా ఊరుకోలేదు, బెంగళూరుకి రెండో ఎయిర్‌పోర్ట్ కోసం కనకపుర రోడ్డు వైపు రెండు చోట్లు, నెలమంగల–కుణిగల్ రోడ్డు మీద ఒకటి చూపించింది. అంటే బ్రోకర్లకి ఇప్పుడు నాలుగు దిక్కులు, నాలుగు బ్రోషర్లు.

(సభలోంచి ప్రశ్న: మరి కొనొచ్చా వద్దా అన్నా, సూటిగా చెప్పు.)

సూటిగానా? ఉండటానికైతే, అక్కడే ఉద్యోగం ఉంటే, ఎయిర్‌పోర్ట్ రాకపోయినా నీకు నష్టం లేదు, కొను, హోసూరు చల్లగా ఉంటుంది, నీళ్ళు ముందు చూసుకో. ఎయిర్‌పోర్ట్ వస్తుందని అమ్ముకోవడానికైతే నా లాంటానా సైటు చూపిస్తా రా, ఆదివారం పోదాం. కాగితాలు తెచ్చావా? పట్టా ఎవరి పేరున ఉంది, లేఅవుట్‌కి డీటీసీపీ అప్రూవల్ నంబరు ఉందా? లేదా, బ్రోషరే తెచ్చావా... ఏదీ, ఇటివ్వు. ఇదిగో, ఇక్కడ కూడా అదే విమానం బొమ్మ, అదే ఫౌంటెన్. బొమ్మ కూడా మార్చలేదప్పా వీళ్ళు.